మెంబర్ సాబ్ పరదా ఓటు

మొన్న పొద్దున మెసైమీర్ సిగ్నల్ దగ్గర బస్సు ఆపి అద్దంలోకి చూస్తే, వెనక సీట్లో ఒకతను చెయ్యెత్తి కూర్చున్నాడు. కెన్యా మనిషి, ఈమధ్యే డ్యూటీలో చేరినవాడు. ఏం కావాలని అడిగాను. ఏసీ గాలి సరిగ్గా నెత్తిన కొడుతోందని, కాస్త తగ్గించమని చెప్పి చెయ్యి దించాడు. ఇంతమాత్రానికి చెయ్యెత్తడం ఎందుకయ్యా అంటే, ఈ బస్సులో మాట్లాడాలంటే ముందు చెయ్యెత్తాలట, పక్కవాళ్ళు చెప్పారట. ఆ పక్కవాళ్ళకు ఎవరు చెప్పారో వాళ్ళకే తెలియదు.

నాకు తెలుసు. ఆ పద్ధతి పెట్టిన మనిషి ఖతర్ వదిలిపోయి చాలా కాలమైంది. నా బస్సులో ఇప్పుడు ఎక్కేవాళ్ళలో ఆయన్ని కళ్ళారా చూసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. మనిషి పోయినా ఆయన చట్టం నడుస్తూనే ఉంది. ఆ రోజంతా స్టీరింగు పట్టుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

నాది బోధన్ దగ్గర పల్లె. ఇంట్లో దక్ఖనీ, బడిలో తెలుగు. ఇక్కడ ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో బస్సు నడుపుతాను. పొద్దున బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో మనుషుల్ని ఎక్కించుకుని సైటులో దించాలి, సాయంత్రం మళ్ళీ తెచ్చి క్యాంపులో దించాలి. నాకో జబ్బుంది. ఎదుటి మనిషి సంగతి పూర్తిగా తేలేదాకా తిన్న అన్నం అరగదు. "ఊళ్ళోళ్ళ ముచ్చట మీకెందుకు జీ" అని మా ఆవిడ ఫోన్లో తిడుతూనే ఉంటుంది. మెంబర్ సాబ్ విషయంలో ఆ జబ్బు బాగా ముదిరింది. ఇప్పటికీ నయం కాలేదు.

ఆయనకూ ఒక పేరుండే ఉంటుంది గానీ ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. నేపాలీలు, బంగ్లావాళ్ళు, ఆఖరికి క్యాంప్ బాస్ కూడా మెంబర్ సాబ్ అనే అనేవాళ్ళు. మన తెలుగువాళ్ళలో వయసులో చిన్నవాళ్ళు మెంబర్ కాక అనేవాళ్ళు. జగిత్యాల వైపు మనిషి, ఊళ్ళో ఒకప్పుడు పంచాయతీ వార్డు మెంబరు, రాతిపని మేస్త్రీ. ఇక్కడ గోడలకు గ్రానైటు పలకలు బిగించేవాడు. పొట్టి మనిషి, చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు పెద్దవి. బస్సెక్కే ముందు జేబులోంచి దువ్వెన తీసి శ్రద్ధగా తల దువ్వుకునేవాడు. ఆ వెంటనే దాని మీద హెల్మెట్ పెట్టేవాడు. దువ్వి ఏం లాభం సాబ్, ఎటూ చెదిరిపోతుంది కదా అని ఒకసారి అడిగాను. "సాఫ్‌గ దువ్వుకున్నోడు సాఫ్‌గ మాట్లాడ్తడు డ్రైవర్ సాబ్" అన్నాడు. అర్థమైనట్టు తలూపాను. అర్థం కాలేదు.

మొదటి రోజు ఆయన నా బస్సెక్కినప్పుడు లోపల సంత నడుస్తోంది. ఒకడు పాట పెడతాడు, ఇంకొకడు ఆపమంటాడు. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలని ఇద్దరు కొట్టుకుంటున్నారు. నాలుగైదు భాషల్లో తిట్లు. ఆయన వచ్చి నా వెనక మొదటి సీట్లో కూర్చున్నాడు. కాసేపు విన్నాడు. తర్వాత స్టీలు టిఫిన్ డబ్బా తీసి ముందున్న ఇనుప రాడ్డు మీద టంగుమని కొట్టాడు. నేను ఉలిక్కిపడి బ్రేకు మీద కాలేశాను.

"ఒక్కలు మాట్లాడితె అందరు ఇనాలె" అన్నాడు తెలుగులో. అదే మాట హిందీలో మళ్ళీ చెప్పాడు. "మాట్లాడేటోడు ముందుగాల చెయ్యి లేపాలె. మాట మీద మాట వద్దు. గిది సభ."

సభ ఎక్కడ, నా డొక్కు బస్సు ఎక్కడ. అందరూ పగలబడి నవ్వారు. మర్నాటి నుంచి ఆయన్ని ఏడిపించడానికి ప్రతి చిన్నదానికీ చేతులెత్తడం మొదలుపెట్టారు. తుమ్మడానికి ఎత్తారు, ఆవలించడానికి ఎత్తారు. ఆయన ఏమీ అనుకోకుండా ఒక్కొక్కరినీ చూపించి, "నువ్వు చెప్పు", "ఇగ నువ్వు చెప్పు" అనేవాడు. ఏడిపించీ ఏడిపించీ వాళ్ళకే అలవాటైపోయింది. నెల తిరిగేసరికి నా బస్సులో మనిషి తర్వాత మనిషి మాట్లాడుతున్నాడు. ఖతర్‌లో ఇంత మర్యాదగల బస్సు ఇంకొకటి లేదని నేను పక్క డ్రైవర్ల దగ్గర గొప్పలు చెప్పుకున్నాను.

నా జబ్బే ఆయనకూ ఉండేది. కాకపోతే ఆయనది ఒక్క విషయం మీదే. ఏ దేశపు మనిషి పక్కన కూర్చున్నా, "మీ ఊర్ల ఓటు ఎట్లేస్తరు?" అని అడిగేవాడు. పెళ్ళయిందా, పిల్లలెంతమంది అని అడగడు. నేపాలీని అడిగి, వాళ్ళు కాగితం మీద స్వస్తిక్ ముద్ర గుద్దుతారని తెలుసుకుని మురిసిపోయాడు. కెన్యా వాళ్ళను పట్టుకుని, వేలికి సిరా పెడతారా పెట్టరా, ఏ వేలికి పెడతారు అని ఆరా తీశాడు. నన్ను కూడా వదల్లేదు.

"మీ నాయిన ఓటేసేటోడా?"

"వేసేటోడు సాబ్."

"ఎవలకు?"

"ఇంట్ల ఎన్నడు చెప్పకపోతుండె."

"మంచోడు" అన్నాడు మెంబర్ సాబ్. మా నాన్నను అలా ఒక్క మాటలో మెచ్చుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆయనకు ఈ పిచ్చి ఎక్కించినవాడు ఒక ఆస్ట్రేలియా దొర. మెంబర్ సాబ్ అంతకుముందు పనిచేసిన సైటులో సేఫ్టీ ఇంజనీరు. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని ఆపేస్తారు కదా, ఆ వేళల్లో నీడన కూర్చుని దొర తన ముత్తాత తండ్రి కథ చెప్పేవాడట. ఆయనా రాయి చెక్కే మేస్త్రీయే. పొట్ట చేతపట్టుకుని ఓడెక్కి ఆస్ట్రేలియా పోయాడు. అక్కడ అప్పుడే కొత్తగా అసెంబ్లీలు పెడుతున్నారు. సుత్తి పట్టిన మనిషి మెల్లగా తోటి కూలీల తరఫున మాట్లాడటం మొదలుపెట్టి, చివరికి ఎన్నికల్లో గెలిచి సభలో కూర్చున్నాడు. దొర ముక్కలు ముక్కలుగా చెప్పిన ఆ కథను మెంబర్ సాబ్ కలిపి కుట్టి మాకు వినిపించేవాడు.

"ఇగ ఇను. పొద్దంత రాయి కొట్టుడు. పొద్దుగూకినంక మొకం కడుక్కొని, అంగి మార్చుకొని సభకు పోవుడు. గప్పుడు మెంబరుకు జీతం లేదు. ఇంట్ల ఉన్నోనికే సభ అన్నట్టు. గీయన లేనోడు. అయినా పోయిండు. ఆ సభ మెట్లు గూడ ఆయన చెక్కినయే. తను చెక్కిన మెట్ల మీదికెల్లే లోపటికి పోయిండు. పెండ్లాం జొన్నరొట్టె కట్టిస్తె రుమాల్ల మూట కట్టుకొని పోతుండె."

"ఆస్ట్రేలియాల జొన్నరొట్టె యాడిది సాబ్?" అన్నాను, అద్దంలోంచి చూస్తూ.

"దొర రొట్టె అన్నడు. ఏ రొట్టె అన్నది నేనడగలే" అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం పరదాది. ఆ రోజుల్లో ఓటంటే అరుగు మీదికెక్కి అందరి ముందు పేరు చెప్పాలట. పనిచ్చే యజమాని ఎదురుగా నిలబడి వింటుంటాడు. "గాయినే పోటీల ఉంటె కూలోనికి నోరెట్ల లేస్తది?" అని మెంబర్ సాబ్ బస్సంతా కలియజూసేవాడు. అందుకని ఆ మేస్త్రీ, ఆయనలాంటివాళ్ళు కొందరు కలిసి, ఓటు చాటుగా వేయాలని పట్టుబట్టారు. పరదా కట్టించారు. లోపలికి పోయి కాగితం మీద గీటు పెట్టి మడిచి వేయడమే. "దునియాల అందరికన్న ముందుగాల అక్కన్నే అయింది. పరదా ఎనుకకు పోయినంక మనిషికి ఆయన మనుసొక్కటే సాక్షి." ఈ మాట దగ్గర గొంతు కొంచెం వణికేది. నాకు విచిత్రంగా ఉండేది. ఎక్కడి ఆస్ట్రేలియా, ఎక్కడి జగిత్యాల, ఎప్పుడో పోయిన మనిషి కట్టిన పరదాకు ఈయన గొంతు వణకడమేంటి?

సహజంగానే నేను ఫోన్లో వెతికాను. రాళ్ళు కొట్టి చట్టసభకు పోయినవాళ్ళు ఆ దేశంలో ఒకరు కాదు, కొందరున్నారు. దొరగారి ముత్తాత తండ్రి ఎవరో తేలలేదు. పరదా ఓటు సంగతి మాత్రం చాలావరకు నిజమే. దాంతోపాటు ఇంకొకటి కూడా తెలిసింది. అది తెలిశాక నాకు నోరు ఊరుకోలేదు.

అల్ హిలాల్‌లో ఒక విల్లా మెట్లు పగిలితే బాగుచేయడానికి ఆయన్నొక్కడినే పంపారు. సాయంత్రం తీసుకురావడానికి నేను వెళ్ళాను. బస్సులో ఇద్దరమే.

"మెంబర్ సాబ్, మీ ఆస్ట్రేలియా మేస్త్రీల ముచ్చట చదివిన. కూలీల కోసం కొట్లాడినోళ్ళల్ల చానామంది ఒక మాట మీద గట్టిగ ఉన్నరట. చైనోళ్ళను, మన దిక్కు పనోళ్ళను తమ దేశంల అడుగు పెట్టనియ్యొద్దని. అక్కడ ముందుకెల్లి ఉన్న జనాన్ని అసలు మనుషుల లెక్కనే తియ్యలేదట. మీరు గప్పుడు ఓడెక్కి పోతె, ఆయనే ఎదురొచ్చి తిప్పి పంపుతుండె."

బాధపడతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏమంటాడో చూడాలనే అన్నాను. ఆయన ఒళ్ళో ఉన్న హెల్మెట్‌ను వేళ్ళతో నెమ్మదిగా కొడుతూ కూర్చున్నాడు.

"ఎర్కే" అన్నాడు చివరికి. "దొరనే చెప్పిండు. మా ముత్తాత నాయిన గసుంటి మాటలు గూడ మాట్లాడిండని చెప్పి తల కిందికేసుకున్నడు."

"మరి మాకెందుకు చెప్పలే?"

"చెప్పుడు రాలే. పరదా తెచ్చుడు మంచిది. మనిషిని రానియ్యకపోవుడు చెడ్డది. రెండు ఒక్కని చేతులకెల్లే అచ్చినయ్. గదెట్ల అని నాకు గూడ సమజ్ గాదు."

మర్నాడు పొద్దున ఆయన టిఫిన్ డబ్బా కొట్టి, ఆ సంగతి కూడా బస్సులో అందరికీ హిందీలో చెప్పేశాడు. ఒక బంగ్లాదేశ్ పెయింటరున్నాడు, నోట్లో నువ్వుగింజ నానదు వాడికి. చెయ్యెత్తి, అలాంటివాడి కథ ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పావని గట్టిగా అడిగాడు. "చెయ్యి లేపి నన్నే అడిగినవు చూడు, గందుకు" అన్నాడు మెంబర్ సాబ్. పెయింటర్‌కు కోపం తగ్గలేదు. ఆయనా తగ్గించే ప్రయత్నం చేయలేదు.

ఆయన గొంతు వణుకు సంగతి తేలింది కూడా ఆ అల్ హిలాల్ ప్రయాణంలోనే. దారిలో ట్రాఫిక్ ఆగిపోయింది. మీరు మెంబరుగా ఎన్ని ఓట్లతో గెలిచారు సాబ్ అని అడిగాను, ఊరికే, మాట కలపడానికి.

"గెలువలే" అన్నాడు. "కూసోబెట్టిన్రు."

ఏకగ్రీవం. మా వైపు ఊళ్ళలో అది గొప్ప సంగతి. పెద్దమనుషులు కూర్చుంటారు, ఈసారి ఈ వార్డు ఫలానావాడికి అంటారు, మిగతావాళ్ళతో నామినేషన్లు వాపసు తీయిస్తారు. దండలు, డప్పులు. ఊళ్ళో గొడవల్లేవని నలుగురూ మెచ్చుకుంటారు. ఓటు అన్న మాటే ఉండదు. మెంబర్ సాబ్‌కు పోటీగా నిలబడ్డ కులపోడిని కూర్చోబెట్టి నచ్చజెప్పి, ఈయన మెడలో దండ వేశారు.

"అయిదేండ్లు మెంబరున్న డ్రైవర్ సాబ్. నల్లాలు పెట్టిచ్చిన, మోరీలు కట్టిచ్చిన. అందరు నమస్తె పెడుతుండిరి. అయితె ఒక్కటి తెల్వదు. ఎవలు చూడనప్పుడు, ఎవలు చెప్పనప్పుడు, ఊళ్ళె ఒక్కడన్న నన్ను కావాలనుకున్నడా? ఒక్కడు. గంతే. గది తెలుసుకోకుండనే సస్తనేమో."

ఏ సంగతైనా తెలుసుకోకపోతే అన్నం అరగని నాకు ఆ బాధ బాగానే అర్థమైంది. మెంబర్ సాబ్ మీద నాకు ప్రేమ పుట్టింది ఆ ట్రాఫిక్‌లోనే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు క్యాంపులో నోటీసు పడింది. కంపెనీతో కార్మికుల తరఫున మాట్లాడటానికి క్యాంపు మొత్తానికి ఒక మనిషిని ఎన్నుకోవాలి. ముగ్గురు పేర్లిచ్చారు. మెంబర్ సాబ్, ఒక నేపాలీ ప్లంబరు, మన ఆర్మూర్ వైపు నుంచి ఇనుప చువ్వలు కట్టే స్టీల్ ఫిక్సర్ ఒకతను. నేను వేరే కంపెనీ మనిషిని కాబట్టి నాకు ఓటు లేదు. ఉన్నదల్లా కుతూహలమే.

క్యాంప్ బాస్ కేరళ మనిషి, తొందర మనిషి. హాల్లో అందరినీ నిలబెట్టి చేతులెత్తిస్తే అయిపోతుంది, యల్లా, కానివ్వండి అన్నాడు. మెంబర్ సాబ్ ఒప్పుకోలేదు. రోజూ డ్యూటీ దిగగానే ఆఫీసుకు పోయి నిలబడేవాడు. "చెయ్యి మాటకు సాబ్. ఓటుకు కాదు" అని అదే మాట. పోరుపడలేక క్యాంప్ బాస్ చివరికి ముగ్గురి ఫోటోలతో కాగితాలు అచ్చు వేయించాడు. పరదా కావాలంటే స్టోర్‌లోంచి బాత్రూం పరదా ఒకటి తెచ్చి మొహాన పడేశాడు. దాని మీద నీలం రంగు చేపలున్నాయి. మెంబర్ సాబ్ దాన్ని ఉతికి, ఆరేసి, హాలు మూలన తనే గోడకు రాడ్డు బిగించి వేలాడదీశాడు. లాగి చూశాడు, మళ్ళీ లాగి చూశాడు. బిగింపు బాగుందా అని నన్ను అడిగాడు. చేపలు బాగున్నాయి సాబ్ అన్నాను. ఆయన నవ్వలేదు.

ఇంకో షరతు కూడా ఆయనే పెట్టించాడు. ఓట్ల రోజున పోటీలో ఉన్నవాళ్ళు హాల్లోనే కూర్చోవాలి, గదులకు పోయి ఎవరినీ పిలవకూడదు, బతిమాలకూడదు.

ఓట్లు శుక్రవారం పొద్దున, జుమ్మా వేళ వరకు. గురువారం సాయంత్రం మెంబర్ సాబ్ ఓవర్‌టైం మీద సైటులో ఉండగా, తెలుగు గదుల్లో పెద్దవాళ్ళు కూర్చున్నారు. కాక ఇంత ఆశపడుతున్నాడు, మనలో మనకు పోటీ ఎందుకన్నారు. స్టీల్ ఫిక్సర్‌ను పిలిచి నచ్చజెప్పారు. అతనూ మంచివాడు, మర్యాదగా తప్పుకుంటానన్నాడు. కాగితాలు అప్పటికే అచ్చయిపోయాయి కాబట్టి అతని ఫోటో అలాగే ఉండిపోయింది. అంతే, ఏకగ్రీవం. రేపు యాట మాంసం వండి కాకకు దండ వేద్దాం, అప్పటిదాకా చెప్పొద్దు అనుకున్నారు.

ఇక్కడే మావాళ్ళు మావాళ్ళలాగే ఆలోచించారు. ఊళ్ళో వార్డుకొక మెంబరు. నేపాలీ ప్లంబరు నేపాలీ గదులకు, మెంబర్ కాక తెలుగు గదులకు. ఏకగ్రీవమైన వార్డులో పోలింగ్ ఉండదు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్నదే కదా. క్యాంపంతటికీ ఒక్కడేనన్న సంగతి ఒక్కరి బుర్రకూ తట్టలేదు. నాకూ తట్టలేదు. యాట కూర తినడానికి రమ్మని ఫోన్ చేస్తే, సంబరంగా వస్తానన్నాను.

శుక్రవారం నమాజు చేసుకుని క్యాంపుకు పోయాను. వంటశాల వైపు నుంచి మసాలా వాసన గుప్పుమంటోంది. హాలు ముందు నుంచి పోతూ లోపలికి తొంగి చూశాను. ఓటింగ్ అయిపోయి క్యాంప్ బాస్ ఓట్ల డబ్బాకు టేపు వేస్తున్నాడు. మూలన చేపల పరదా. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో మెంబర్ సాబ్, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీలో. పొద్దటి నుంచి అక్కడే ఉన్నాడట. ఆ పక్క కుర్చీలో నేపాలీ ప్లంబరు. మూడో కుర్చీ ఖాళీ.

నన్ను చూసి లేచి గుమ్మం దగ్గరికొచ్చాడు. "మనోళ్ళేరి డ్రైవర్ సాబ్? పొద్దుగాల సంది చూస్తున్న. ఒక్కలు రాలే."

"వంటకాడ ఉన్నరు సాబ్. యాట వండుతున్నరు."

"ఎందుకు?"

"మీరు గెలిసినందుకు."

"ఎన్నడు గెలిచిన?"

నాకు అప్పుడు తట్టింది. "నిన్న" అన్నాను. "ఏకగ్రీవంగ."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత ఆ వాసన వస్తున్న వైపు చూశాడు.

"ఈడ గూడనా" అన్నాడు.

వెనక్కి పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఏ ప్రేమతో వండారో ఆ యాటను, ఆ ప్రేమే ఆయన నోటి ముందు కూడు లాగేసింది. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు.

లెక్కింపు అక్కడికక్కడే జరిగింది. నేపాలీ ప్లంబరు చాలా తేడాతో గెలిచాడు. స్టీల్ ఫిక్సర్‌కు ఏమీ రాలేదు. మెంబర్ సాబ్‌కు ఓ పిడికెడు ఓట్లొచ్చాయి. ఈలోపు సంగతి వంటశాలకు పాకింది. చేతుల్లో గరిటెలతోనే మావాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకడి చేతిలో ప్లాస్టిక్ పూల దండ కూడా ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వాళ్ళను చూస్తే నవ్వొచ్చేదే, ఇంకెప్పుడైనా అయితే.

"మోసం కాక. మాకు తెల్వదాయె. మల్ల పెట్టుమందాం" అని అరుస్తున్నారు. క్యాంప్ బాస్ మొహం ఎర్రబడింది. నేపాలీలు లేచి నిలబడ్డారు. చిన్న మాట తూలితే చాలు, కొట్లాట.

మెంబర్ సాబ్ చెయ్యెత్తాడు. ఆ హాల్లో సగంమంది నా బస్సు మనుషులే. గొంతులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

"మోసం ఎవలు చెయ్యలే" అన్నాడు. "మీరు రాలే. వాళ్ళు అచ్చిన్రు. గెలిచినాయనకు సప్పట్లు కొట్టున్రి."

తనే ముందు కొట్టాడు, ఆ పెద్ద చేతులతో. మావాళ్ళు తల వంచుకుని కొట్టారు. నేపాలీ ప్లంబరు సిగ్గుపడి చేతులు జోడించాడు. దండ ఉన్నవాడు ఏం చేయాలో తెలియక దాన్ని తీసుకుపోయి ఆ ప్లంబరు మెడలోనే వేశాడు. యాట కూర మాత్రం వృథా పోలేదు. ప్లంబరు, అతని మనుషులు, మావాళ్ళు అందరూ కలిసి తిన్నారు. ఉప్పు కొంచెం ఎక్కువైంది, ఎవరూ అనలేదు.

మెంబర్ సాబ్ పళ్ళెం పట్టుకుని ఒక పక్కన కూర్చున్నాడు. ముద్ద నోట్లోకి పోవడం లేదు. నేను పోయి పక్కన కూర్చుని, పోనీలెండి సాబ్, మళ్ళీ ఎన్నికలు రాకపోతాయా, మనవాళ్ళు అందరూ వేస్తే మీరే కదా అని ఏదో చెప్పబోయాను.

"ఆగు" అన్నాడు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. "మనోళ్ళు ఒక్కలు రాలే గదా?"

"రాలే సాబ్."

"నాది నేనేసుకున్ననే అనుకో. అది తీసెయ్. మిగిలినయి ఎవలియి?"

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాను.

"ఆ ఓట్లు ఎవలేసిన్రు డ్రైవర్ సాబ్? నా ఊరోడు కాదు, నా భాషోడు కాదు. ఎవడు వచ్చి చెప్పలే, ఎవడు కూసోబెట్టలే. పరదా ఎనుకకు పోయి, నా ఫోటో చూసి, గీయిననే అనుకున్నరు. ఎవలు?"

ఆ మొహాన్ని నేను మరిచిపోలేను. ఓడిపోయినవాడి మొహం కాదది. కలిపిన ముద్ద తిన్నాడు. తర్వాత మళ్ళీ కూర వేయించుకున్నాడు.

మర్నాటి నుంచి బస్సులో ఆయనకు అదే పని. పక్కకు తిరిగి కూర్చుని ఒక్కొక్కరి మొహం చూసేవాడు. ఆ ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియనా? ఎప్పుడూ నిద్రపోయే ఆ ఘనా మనిషా? కథ మీద కోపం తెచ్చుకున్న ఆ బంగ్లా పెయింటరు మాత్రం కానే కాడనేవాడు, మళ్ళీ ఆలోచించి, చెప్పలేం అనేవాడు. ఎవరో తెలియదు కనుక అందరినీ ఒకేలా చూడాల్సి వచ్చేది. ఇదివరకు విసుక్కునే మనుషులకు కూడా జరిగి చోటిచ్చేవాడు. సైటులో ఎవడి వేలికి దెబ్బ తగిలినా ఈయన పరుగెత్తేవాడు. ఇదంతా చూసి నా జబ్బు తిరగబెట్టింది. అందరినీ మాటల్లో పెట్టి రెండు రోజుల్లో కూపీ లాగుతాను సాబ్ అన్నాను. ఆయన వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు.

నేను లాగే పనే రాలేదు. ఒక సాయంత్రం క్యాంపు గేటు దగ్గర బస్సు ఆపాను. అందరూ దిగుతున్నారు. ఆ బంగ్లా పెయింటరు దిగబోయి, ఆగి, వెనక్కి వచ్చి మెంబర్ సాబ్ ముందు నిలబడ్డాడు. ఏదో చాలా రోజులుగా మోస్తున్నవాడిలా ఉన్నాడు.

"మెంబర్ సాబ్, ఉస్ దిన్ మైనే ఆప్‌కో..." ఆ రోజు నేను మీకు, అని మొదలుపెట్టాడు.

మెంబర్ సాబ్ చటుక్కున లేచి, తన పెద్ద అరచెయ్యి అతని నోటికి అడ్డం పెట్టాడు.

"మత్ బోలో" అని ఆపి, మిగతాదీ హిందీలోనే చెప్పాడు. "వేసినా చెప్పకు, వెయ్యకున్నా చెప్పకు. మనుసుల ఉంచుకో."

పెయింటరు కళ్ళు టపటపలాడించాడు. మెంబర్ సాబ్ చెయ్యి తీసి అతని భుజం తట్టాడు. అతను తల గోక్కుంటూ దిగిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంతకాలం ఆయన కోసం, కొంత నా కోసం కూడా, తెలుసుకోవాలని తహతహలాడిన సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏంది సాబ్ మీరు? ఒక్కడన్న కావాలనుకున్నడా అని గంత తిప్పలైతిరి. వాడే అచ్చి చెప్తుంటె ఎందుకు ఆపిన్రు? తెలిసిపోతుండె గదా."

మెంబర్ సాబ్ తలుపు దగ్గర మెట్టు మీద నిలబడి, గేటులోకి పోతున్న మనుషుల వంక చూస్తూ చెప్పాడు.

"తెలిస్తె వాడొక్కడే అయితడు డ్రైవర్ సాబ్. తెల్వకపోతె, బస్సంత నాకేసినట్టే."